లేబుల్ మీద 9.8 ఉంది సరే, లోపల ఏముంది?

హోస్ట్: అందరికీ నమస్తే. ఈ ఎపిసోడ్ అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. గ్రేడింగ్ కంపెనీ ఒక పాత కామిక్‌ను చూసి, గట్టి ప్లాస్టిక్ స్లాబ్‌లో పెట్టి సీలు చేసి, పైన పదికి 9.8 అని లేబుల్ వేస్తుంది. ఆ లేబుల్‌ను ఎంతవరకు నమ్మాలి? అన్నా, అసలు ఆ లేబుల్ మనకి ఏం హామీ ఇస్తోంది? అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

గెస్ట్: అది ఒక్క మాట చెప్పట్లేదు తమ్ముడూ, ఐదు మాటలు చెప్తోంది. ఇది ఫలానా సంచిక, ఫలానా ముద్రణ. పేజీలన్నీ ఉన్నాయి. ఎవరూ రిపేరు చెయ్యలేదు, చేసుంటే ఇదిగో రాశాం. కండిషన్ ఇంత. ఆ రోజు మేం చూసిన కాపీయే ఇప్పుడు లోపల ఉంది. కొనేవాళ్ళ కళ్ళన్నీ కండిషన్ అంకె మీదే ఉంటాయి. కానీ ఐదింటిలో అభిప్రాయం అనదగ్గది అదొక్కటే. మిగతా నాలుగూ అవునో కాదో తేల్చి చెప్పగలిగినవి. డబ్బు పెద్ద మొత్తంలో పోయేది కూడా ఆ నాలుగింటి దగ్గరే.

హోస్ట్: ముందు అంకె సంగతి చూద్దాం. అది ఎందుకు అభిప్రాయం?

గెస్ట్: గ్రేడింగ్ కంపెనీలు రాకముందు అమ్మేవాడే గ్రేడు చెప్పేవాడు. ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం 1970లో వచ్చింది. గుడ్, ఫైన్, మింట్ అనే మాటలకు ఒక వాడుక ఏర్పడింది. అయినా అమ్మేవాడికి ఫైన్ అనిపించింది కొనేవాడికి గుడ్‌గానే కనిపించేది. 2000లో సీజీసీ అనే గ్రేడింగ్ కంపెనీ మొదలయ్యాక, లావాదేవీతో సంబంధం లేని మూడో మనిషి మధ్యలోకి వచ్చాడు. అది నిజంగా గొప్ప మార్పు. ముఖం చూడకుండా దూరం నుంచి ధైర్యంగా కొనడం అప్పుడు తేలికైంది. దాని పోటీ కంపెనీ సీబీసీఎస్ 2014లో వచ్చింది. స్కేలు 0.5 నుంచి 10.0 దాకా, మొత్తం 25 మెట్లు. మధ్యలో మెట్లు అరేసి చొప్పున ఎక్కుతాయి. 9.0 దాటాక 9.2, 9.4, 9.6, 9.8, ఆపైన 9.9, 10.0.

హోస్ట్: అంటే పైకి వెళ్ళేకొద్దీ మెట్ల మధ్య దూరం తగ్గుతోంది.

గెస్ట్: దూరం తగ్గుతుంది, ధరలో తేడా మాత్రం పెరుగుతుంది. చిక్కంతా అక్కడే. 9.8కీ 9.6కీ తేడా చేతిలో పట్టుకుని చూస్తే ఏముంటుంది? పై పిన్ను పక్కన, స్పైన్‌కు, అంటే పుస్తకం మడత అంచుకు, అడ్డంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల గీత. నల్ల అట్ట మీదయితే తెల్లగా మెరుస్తుంది, లేత పసుపు అట్ట మీదయితే వెతికితే గానీ దొరకదు. లైటు నేరుగా పైనుంచి పడితే కనిపించదు, పక్కనుంచి వాలుగా పడితే కనిపిస్తుంది. దాన్ని ఇద్దరు ముగ్గురు గ్రేడర్లు విడివిడిగా చూసి అంకె వేస్తారు, చివర ఒకరు ఖాయం చేస్తారు. ఒకరికి ఆ గీతలో రంగు పగిలినట్టు అనిపిస్తుంది, ఇంకొకరికి అనిపించదు. ఇద్దరూ నిజాయితీగానే చూస్తున్నారు. అందుకే అదే పుస్తకాన్ని బయటికి తీసి మళ్ళీ పంపితే ఒక మెట్టు పైకో కిందికో రావడం మామూలే. దాన్ని మోసం అనకూడదు. మనిషి కన్ను చేసే పనిలో అంత తేడా ఉంటుంది, అంతే.

హోస్ట్: రంగు పగలడం అన్నారు. అది కొత్తవాళ్ళకి వివరంగా చెప్పండి.

గెస్ట్: అట్ట కాగితం మీద ఇంకు పొర ఉంటుంది కదా. కాగితం కొంచెం వంగితే సొట్ట పడుతుంది, కానీ ఇంకు పొర అలాగే ఉంటుంది. ఇంకా గట్టిగా వంగితే ఇంకు చిట్లి కింద తెల్ల కాగితం బయటపడుతుంది. మొదటిదాన్ని వేడి, తేమ, ఒత్తిడితో ప్రెసింగ్ చేసి తీసెయ్యొచ్చు. రెండోది పోదు. ఓవర్‌స్ట్రీట్ ప్రమాణంలో 8.0కి కూడా పావు అంగుళం మడతను ఒప్పుకోవాలంటే రంగు పగలకూడదు. సీజీసీ ప్రెసింగ్‌ను రిపేరు కింద లెక్కవెయ్యదు, లేబుల్ మీద రాయదు. అలాంటప్పుడు 9.4 స్లాబ్‌ను పగలగొట్టి, ప్రెస్ చేయించి, మళ్ళీ పంపడం ఒక వ్యాపారం అయిపోయింది. దాంతో ఇంకో లెక్క కూడా తప్పుతుంది. ఏ గ్రేడులో ఎన్ని కాపీలున్నాయో చూపించే పట్టిక ఉంది, సెన్సస్ అంటారు. పగలగొట్టినవాళ్ళు పాత లేబుల్ కంపెనీకి తిరిగి పంపకపోతే, ఆ ఒక్క పుస్తకమే 9.4 దగ్గర ఒకటి, 9.8 దగ్గర ఒకటి అని రెండుసార్లు నమోదై ఉంటుంది. పట్టిక చూసి “ప్రపంచంలో ఇన్నే ఉన్నాయి” అనుకుని ధర పెట్టడం పొరపాటు.

హోస్ట్: సరే, తేల్చి చెప్పగలిగినవి అన్న నాలుగింటికి వద్దాం. సంచిక గుర్తింపులో కూడా తప్పులు జరుగుతాయా?

గెస్ట్: జరుగుతాయి, కానీ వీటిని పట్టుకోవడం తేలిక. లేబుల్ మీద రాసినదాన్ని అట్ట మీద ఉన్నదాంతో పోల్చి చూస్తే చాలు. 1977 నాటి స్టార్ వార్స్ 1 తీసుకో. మామూలు ధర 30 సెంట్లు. 35 సెంట్ల ధరతో కొద్ది చోట్లే అమ్మిన మొదటి ముద్రణ చాలా అరుదు. కానీ కొన్ని పునర్ముద్రణల మీద కూడా 35 సెంట్లే ఉంటుంది. అసలుదానికి ధర చతురస్రంలో ఉంటుంది, చాలా పునర్ముద్రణలకు వజ్రం ఆకారంలో ఉంటుంది. అంత చిన్న గుర్తు మీద అంత పెద్ద ధర నిలబడి ఉంది. ఇంకోటి, 1977లోనే వచ్చిన సెరిబస్ అనే కామిక్ మొదటి సంచిక. దీనికి నకిలీలున్నాయి. అసలు కాపీలో ముందు అట్ట లోపలి నలుపు మెరుపు లేకుండా ఉంటుంది, నకిలీలో నిగనిగలాడుతుంది. కానీ అది స్లాబ్‌లో ఉండగా కనిపించదు. అక్కడ కంపెనీ కన్నే మన కన్ను.

హోస్ట్: లోపలి పేజీల విషయమూ అంతేగా.

గెస్ట్: అదే అసలు భయం. 1974 నవంబరు తేదీతో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 ఉంది, వుల్వరిన్ అనే సూపర్ హీరో పూర్తిగా కనిపించే మొదటి సంచిక. పాఠకుల ఉత్తరాల పేజీలో మార్వెల్ వాల్యూ స్టాంపు అనే చిన్న బొమ్మ ఉండేది. కత్తిరించి ఆల్బంలో అంటించుకోమని మార్వెల్ వాళ్ళే చెప్పారు, పిల్లలు కత్తిరించారు. ముందునుంచి చూస్తే పుస్తకం అద్దంలా ఉంటుంది. లోపల అగ్గిపెట్టె కన్నా చిన్న కంత. స్టాంపు లేకపోతే సీజీసీ మామూలుగా, పెద్ద లోపం ఉందని చెప్పే ఆకుపచ్చ లేబుల్ వేస్తుంది, ధర బాగా పడిపోతుంది. ఆ కంతను గ్రేడర్ చూడకపోతే, సీలు పడ్డాక ఇంకెవరూ చూడలేరు. అందుకే పంపేవాళ్ళు ముందే లెక్కపెట్టుకోవాలి. ఆ కాలపు మామూలు సంచికలో అట్ట కాకుండా 32 పేజీలు, అంటే మధ్యకి మడిచిన 8 కాగితాలు. నడిమి కాగితం రెండు పిన్నుల దగ్గరా గట్టిగా ఉందో లేదో చూడాలి. వేరే కాపీలోంచి తెచ్చి పెట్టినదైతే దాని రంగు, అంచుల పసుపు మిగతా పేజీలతో కలవదు.

హోస్ట్: రిపేర్లు?

గెస్ట్: సీజీసీలో వాటికి ఊదా లేబుల్. రంగు పూయడం, చిరుగు అతకడం, ఊడిన ముక్క కొత్తగా చేర్చడం, పిన్నులు మార్చడం, అంచు కత్తిరించడం. వీటిలో అంచు కత్తిరించడాన్ని పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే అక్కడ చేర్చింది ఏమీ లేదు, తీసేసిందే ఉంది. పాత కామిక్ మూడు అంచులూ ప్రెస్సులోనే ఒక్కసారి కోస్తారు, ఏళ్ళు గడిచేకొద్దీ అంచులు కొంచెం మెత్తబడతాయి, గోధుమరంగు పడతాయి. ఒక్క వైపే కొత్త బ్లేడుతో కోసినట్టు తెల్లగా, పదునుగా ఉంటే అనుమానించాలి. రంగు పూతకైతే అట్ట తిప్పి లోపలివైపు చూడాలి, ఇంకు కాగితంలోకి దిగి మచ్చగా కనిపిస్తుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం పెడితే ముద్రణలో చుక్కలుంటాయి, పూతలో ఉండవు. యూవీ టార్చ్ కూడా పనికొస్తుంది. తర్వాతి రోజుల్లో వచ్చిన కాగితాల్లో, జిగురుల్లో తెల్లదనం కోసం కలిపిన పదార్థాలు నీలంగా వెలుగుతాయి. 1940ల పుస్తకంలో ఒక ముక్క అలా వెలిగితే అది ఆ నాటిది కాదు. స్లాబ్ కాని పుస్తకానికే ఈ పరీక్షలు, ప్లాస్టిక్ అడ్డుంటే సరిగా తెలియదు. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చాలా పాత పుస్తకాల మీద అతి కొద్దిగా రంగు పూతో జిగురో ఉంటే సీజీసీ రిపేరు లేని పుస్తకాలకిచ్చే మామూలు నీలం లేబులే ఇచ్చి, కింద ఒక వాక్యం రాస్తుంది. లేబుల్ రంగు చూసి ఆగిపోకుండా ఆ చిన్న అక్షరాలు చదవాలి.

హోస్ట్: ఇప్పుడు ఐదో మాట. మేం చూసిన కాపీయే లోపలుంది అన్నది. 2023 చివర్లో ఈ రంగాన్ని కుదిపేసింది ఇదే.

గెస్ట్: ఇదే. స్లాబ్‌కు గీతలు పడితేనో పగుళ్ళొస్తేనో కొత్తది వేసే సేవ ఉంది, రీహోల్డర్ అంటారు. పుస్తకం మళ్ళీ గ్రేడ్ చెయ్యకుండా పాత అంకెతోనే కొత్త స్లాబ్‌లోకి మారుస్తారు. మోసగాళ్ళు ఆ సందులోంచి దూరారు. 9.8 స్లాబ్‌ను నేర్పుగా తెరిచి, అందులోది తీసి, అదే సంచిక తక్కువ గ్రేడు కాపీ పెట్టి, రీహోల్డర్‌కు పంపారు. కొత్త స్లాబ్‌లో, మచ్చలేని సీలుతో, 9.8 అంకెతో ఆ తక్కువ కాపీ తిరిగొచ్చింది. తీసి ఉంచుకున్న మంచి కాపీని మళ్ళీ గ్రేడింగ్‌కు పంపితే ఇంకో 9.8. ఒక పుస్తకం రెండయింది. సీజీసీ 2024 జనవరిలో ఇది బయటికి చెప్పి, అనుమానం ఉన్న లేబుళ్ళ మీది వందలాది సర్టిఫికేషన్ నంబర్ల జాబితా ఇచ్చింది. నకిలీ సీలైతే పట్టుకోవచ్చు, ఇక్కడ సీలు అసలుదే. కంపెనీ చేతులే వేశాయి.

హోస్ట్: మరి ఎలా బయటపడింది?

గెస్ట్: కామిక్స్ సేకరించేవాళ్ళు పాత వేలం ఫొటోలు పక్కన పెట్టి చూశారు. ఇది ఎవరైనా చెయ్యగల పని కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను. ప్రెస్సులో ఏ రెండు కాపీలూ అచ్చంగా ఒకేలా మడతపడవు, ఒకేలా కోతపడవు, పిన్ను ఒకే చోట పడదు. మొదట పై పిన్ను చూడు. అట్ట మీది బొమ్మలో ఏ గీతకు, ఏ అక్షరానికి పక్కన దిగింది? తర్వాత స్పైన్. మడత సరిగ్గా పడకపోతే వెనక అట్ట తెలుపు ఒక సన్నని పట్టీగా ముందుకొస్తుంది. ఆ పట్టీ పైన వెడల్పా, కింద వెడల్పా? ఆ తర్వాత కుడి అంచు. అక్కడి బొమ్మలో ఎంత కోతకు పోయింది? ఆ అంచు తిన్నగా ఉందా, వాలుగా ఉందా? ఇవన్నీ ప్రెస్సులోనే ఖాయమైపోతాయి. ప్రెసింగ్ సొట్టను తీస్తుంది గానీ పిన్నును పక్కకు జరపలేదు. సర్టిఫికేషన్ నంబరు కొట్టి పాత అమ్మకాల ఫొటో వెతికి, ఈ మూడూ కలుస్తున్నాయో లేదో చూడాలి. ఒక్కటి కలవకపోయినా కొనడం ఆపెయ్యాలి.

హోస్ట్: స్లాబ్‌ను తెరిచి మూసిన గుర్తులు?

గెస్ట్: మూలల్లో, అతుకు గీత వెంబడి ప్లాస్టిక్ తెల్లగా మంచు పట్టినట్టు ఉండటం. అతుకు ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా ఉండటం. కానీ రవాణాలో దెబ్బ తగిలినా మూలలు తెల్లబడతాయి, ఒక్క దాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

హోస్ట్: గ్రేడు సరిగ్గా వేసి, స్లాబ్‌లో ఉండగానే పుస్తకం పాడైతే?

గెస్ట్: అదీ ఉంది. పుస్తకం లోపలి తొడుగులో వదులుగా ఉండి, పార్శిల్లో ఊగి, పేజీల మూలలు స్పైన్ వైపు చిరుగుతాయి, కుచ్చులు పడతాయి. అలాంటి స్లాబ్‌ను నిలబెట్టి చూస్తే పుస్తకం కిందికి జారి ఉంటుంది. ప్రెసింగ్‌తో తీసిన అలలు తేమ ఎక్కువైతే మళ్ళీ తేలతాయి, స్లాబ్ గాలి చొరబడనిది కాదు. లేబుల్ మీద మాత్రం పాత అంకె అలాగే ఉంటుంది. ఇంద్రధనుస్సు రంగుల వలయాలు కనిపిస్తే కంగారు పడొద్దు, రెండు ప్లాస్టిక్ పొరలు తాకినచోట వచ్చే న్యూటన్ రింగ్స్ అవి. పుస్తకానికి వాటివల్ల ఏ హానీ లేదు.

హోస్ట్: తప్పు పట్టుకున్నాం అనుకుందాం. ముందు ఏం చెయ్యాలి?

గెస్ట్: స్లాబ్ పగలగొట్టకూడదు. నూటికి తొంభై మంది చేతులు దానికే వెళ్తాయి, లోపల చూద్దామని. తెరిచిన క్షణమే కంపెనీ హామీ పోతుంది, లోపల ఉన్నది ఏదో చెప్పడానికి ఇక సాక్ష్యం మిగలదు. ముందు ఫొటోలు. ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు, అతుకు నాలుగు వైపులా, లేబుల్ నంబరు చదవగలిగేంత దగ్గరగా. లైటు ఒకే వైపునుంచి వాలుగా పడాలి, ఫ్లాష్ పనికిరాదు, ప్లాస్టిక్ మీద పడి అంతా కప్పేస్తుంది. పోలికకు దొరికిన పాత ఫొటో కూడా దాచుకోవాలి, ఆ పేజీ రేపు ఉంటుందో లేదో. అప్పుడు అమ్మినవాళ్ళకీ కంపెనీకీ రాయాలి. లేబుల్ మీద అక్షర దోషం, తప్పు వేరియంట్ (అంటే అదే సంచికకు వేరే రకం ముద్రణ పేరు) లాంటివైతే వాళ్ళు సరిదిద్ది పంపుతారు. రిపేరు దాచిపెట్టినది, పుస్తకం మారింది అన్నవి మాత్రం వాళ్ళే తెరిచి చూడాలి.

హోస్ట్: కొత్తగా గ్రేడింగ్‌కు పంపేవాళ్ళకి?

గెస్ట్: పంపేముందే అవే ఫొటోలు, పైగా నడిమి కాగితం, రెండు పిన్నుల లోపలి వైపు, స్టాంపు ఉండాల్సిన పేజీ. తిరిగొచ్చాక స్లాబ్‌ను వాటితో పోల్చి, తేడా లేదనుకున్నాకే పాత ఫొటోలు సర్టిఫికేషన్ నంబరు పేరుతో భద్రపరచాలి. ఆ పుస్తకం రేపు ఎవరి చేతికి వెళ్ళినా, పేజీలన్నీ ఉన్నాయని చూపించే బొమ్మలు అవే.