అన్నీ ఎర్ర తీగలే

వేదిక మీది పెద్దలకు, సముద్రపు గాలికి కుర్చీలు కదులుతున్నా కదలకుండా కూర్చున్న మీకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన పావుగంటా అక్కడే అయిపోతుంది. మన్నించాలి.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘పాత కార్ల పరిరక్షణ’. రంగుల గురించి, సీట్ల గురించి చెప్పేవారు నా తరువాత ఉన్నారు. నేను తీగల గురించే మాట్లాడతాను. ముప్పయ్యేళ్లు క్రేన్ల వైరింగ్ చూసినవాణ్ణి, మరొకటి నాకు చేతకాదు.

విశాఖలో పాత కారు పెట్టుకున్నవాడికి ఉప్పుగాలే మొదటి శత్రువు. ఇనుము తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. రాగికి పట్టే చిలుము టేపు కింద, తొడుగు లోపల చడీచప్పుడు లేకుండా పడుతుంది. దీపానికి కరెంటు వెళ్లేది తీగలో, తిరిగి బ్యాటరీకి వచ్చేది మాత్రం బాడీ రేకు మీదుగా. ఎర్త్ అంటే అదే. తీగను రేకుకు బిగించిన స్క్రూ కింద తుప్పు చేరితే ఆ తిరుగుదారి మూసుకుపోతుంది. కరెంటు దొడ్డిదారి వెతుక్కుంటుంది. ఇండికేటర్ వేసినప్పుడు వెనక ఎర్రదీపం కూడా దానితోపాటు కన్ను కొడుతోందా? బల్బు మార్చకండి, ఎర్త్ చూడండి.

నేను చూడలేదు. హెడ్‌లైట్లు మసకబారితే బల్బులు మార్చాను, కొత్త బ్యాటరీ కొన్నాను, డైనమో విప్పించాను. చివరికి బుద్ధి వచ్చి, లైట్లు వెలుగుతుండగా వోల్టులు కొలిచే మల్టీమీటర్ ముల్లు ఒకటి బ్యాటరీ ఎర్త్ వైపు, రెండోది హెడ్‌లైట్ ఎర్త్ తీగ మీద పెట్టాను. ఇంచుమించు సున్నా ఉండవలసిన చోట 3 వోల్టులు! పన్నెండులో మూడు దారిలోనే పోతే దీపం గుడ్డిగా వెలగక ఏం చేస్తుంది? స్క్రూ విప్పి, రేకు మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ బిగించి పైన వాజలీన్ పూశాను. ఉప్పు చేసిన పాడును ఉప్పుకాగితమే బాగుచేసింది.

ఇక ఫ్యూజుల సంగతి చెప్పాలి. చెప్పాలంటే ముందు ఒక కథ చెప్పాలి. ఇది నాలుగోసారి అని మా ఆవిడ అక్కడి నుంచి సైగ చేస్తోంది. వినని వాళ్లు కూడా ఉన్నారులే.

నాన్నగారు 1974లో చేతులు మారిన అంబాసిడర్ మార్క్ 2 కొన్నారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు వంశం కాబట్టి తీగల రంగులకు ఒక భాష ఉంది. బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది గోధుమరంగు. తాళం తిప్పాక ప్రాణం వచ్చేది తెలుపు. ఫ్యూజు దాటాక అదే ఆకుపచ్చ. హెడ్‌లైట్లకు నీలం, పార్కింగు దీపాలకు ఎరుపు, ఎర్త్‌కు నలుపు. నాన్నగారు చీకట్లో అగ్గిపుల్ల వెలుగులో చూసి చెప్పేవారు, ఏ తీగ ఎక్కడికి పోతుందో.

2014 మేలో కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను. షెడ్డు రేకులు ఎగిరిపోయి కారు రాత్రంతా నీళ్లలో నానింది. ఇల్లు చక్కబెట్టుకోవడంలో పడి, నా చేతులతో చేయవలసిన పనిని ఒక షాపుకు అప్పగించాను. అతను పాత తీగల కట్టను కోసి, చెత్తలో పారేసి, ఒకే చుట్ట నుంచి కొత్త తీగ లాగాడు. అన్నీ ఎర్ర తీగలే! గోధుమరంగూ ఎరుపే, ఆకుపచ్చా ఎరుపే, చివరికి ఎర్త్ కూడా ఎరుపే. అడిగితే, ‘బండి నడుస్తోంది కదండీ’ అన్నాడు.

నడిచింది. సింహాచలం ఘాట్ రోడ్డు మొదటి మలుపు దాకా. అక్కడ డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. నా కారులో ఉన్నవే రెండు గాజు ఫ్యూజులు. వాటిలో ఒకటి మాడిపోతే, ఎందుకు మాడిందో చూడకుండా ఆ షాపతను దాని స్థానంలో రాగి పోగు చుట్టాడు. తీగ కంటే ముందు ఫ్యూజు పోవాలి, దాని పుట్టుకే అందుకు. దాన్ని పోకుండా కట్టేస్తే తీగే ఫ్యూజు అయి కూర్చుంటుంది. బ్యాటరీ తీగ పీకుదామంటే స్పానర్ లేదు. పక్కన మా ఆవిడ, చేతిలో కొబ్బరికాయలు. ఒక ఆటో డ్రైవరు పరుగెత్తుకొచ్చి తన స్పానరుతో విప్పాడు.

అడుగుతున్నాను, చేతులెత్తండి. ఈరోజు మీ కారులో బ్యాటరీ విప్పే స్పానర్ ఎంతమందికి ఉంది? ఐదు చేతులు. బయట ఉన్నవి నలభైకి పైగా కార్లు!

అన్నట్టు, చార్జర్ తగిలించే ముందు ఒక్క క్షణం ఆగండి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివే బాడీకి బిగించి ఉంటుంది. అలవాటుగా చార్జర్ నలుపు తీగను, అంటే నెగటివ్‌ను, బాడీకి తగిలించారో, అంతే.

పావుగంట అయిందని చీటీ వచ్చింది. ఆ ఎర్ర తీగలను ఒక్కొక్కటిగా, కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంపుతో వెతుక్కుంటూ, ఆరు నెలలు పట్టి మళ్లీ రంగుల్లోకి మార్చాను. ఒక్కటి మిగిలింది. ఫ్యూజు పెట్టె వెనక మొదలై డ్యాష్‌బోర్డు కిందకి పోతుంది, రెండో కొస నాకు ఇప్పటికీ దొరకలేదు. కారు గేటు పక్కనే ఉంది, బానెట్ తెరిచే పెట్టాను. భోజనాలయ్యాక ఎవరైనా టార్చి పట్టుకుని వస్తే ఇద్దరం చూద్దాం.