కైకిలి లెక్క: నిష్కామ కర్మను ఒక క్రైస్తవుడు ఎలా వింటాడు

[తెర మీద: తెల్లవారుజాము. నల్లగొండలో ఒక వాడకట్టు. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు. దూరంగా మైకు.]

మా నల్లగొండలో పొద్దున్నే మైకులో భగవద్గీత వినిపిస్తే భక్తి కంటే ముందు టెన్షన్ పుడుతుంది. "ఎవరు పోయిండ్రు?" అని పక్కింటోళ్లను అడుగుతాం. వైకుంఠ రథం మీదా అదే గీత. నాకది ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. అర్జునుడు బతికే ఉన్నాడు కదా. చేయాల్సిన పని ఎదురుగా ఉంటే విల్లు పక్కన పెట్టి కూర్చున్నాడు. అతన్ని పనిలోకి దింపడానికి చెప్పిన మాటల్ని, పనులన్నీ అయిపోయిన మనిషి దగ్గర వినిపిస్తున్నాం.

నేను పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. చిన్ననాటి దోస్తు వాళ్ల నాన్న చనిపోయినప్పుడు అలాంటి టెంటు కింద రోజంతా కూర్చున్నాను. ఆ శ్లోకాలను చెవి పెట్టి వినడం అదే మొదటిసారి. తర్వాత పుస్తకం కొని చదివాను. మోక్షం గురించి గీత ఏమంటుంది, రక్షణ (పాపం నుంచి విడుదల) గురించి బైబిల్ ఏమంటుంది, రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి? నాకు అర్థమైనంత చెబుతాను.

ముందు మావాళ్ల పొరపాటు ఒకటి సరిచేయాలి. చర్చిల్లో తరచూ వింటుంటాం: "వాళ్లు పుణ్యం చేసి మోక్షం కొనుక్కుంటారు, మనకది ఉచితం." గీతలో అలా లేదు. తొమ్మిదో అధ్యాయం 21వ శ్లోకం చూడండి: "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి." పుణ్యంతో స్వర్గానికి పోయినవాళ్లు కూడా, ఆ పుణ్యం ఖర్చయిపోగానే మళ్లీ ఈ లోకానికి తిరిగి రావాల్సిందే. రీఛార్జ్ అయిపోయిన ఫోన్ లాగా. అందుకే పెద్దలు పాపాన్ని ఇనుప సంకెల అంటే, పుణ్యాన్ని బంగారు సంకెల అన్నారు. మోక్షం అంటే ఆ రెండు సంకెళ్లూ తెగడం. శంకరాచార్యుల దారిలోనైతే నిష్కామ కర్మ, అంటే ఫలం ఆశించకుండా చేసే పని, చేసేది చిత్తశుద్ధి (మనసు శుభ్రం కావడం) వరకే, మోక్షం ఇచ్చేది జ్ఞానం. కాబట్టి "క్రియల వలన మోక్షం" అనే బొమ్మను మనమే తయారు చేసి, మనమే పడగొట్టి, చప్పట్లు కొట్టుకుంటున్నాం.

[తెర మీద: "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన" – గీత 2.47]

అందరికీ నోటికొచ్చిన శ్లోకం ఇది. పని చేయడం వరకే నీ అధికారం, ఫలం మీద ఎప్పుడూ లేదు. జనం ఇక్కడే ఆగిపోతారు. శ్లోకం చివర ఇంకో మాట ఉంది: "మా తే సంగోఽస్త్వకర్మణి." ఫలం వద్దన్నాను కదా అని పని మానేసి కూర్చోకు.

ఇది చదివినప్పుడు నాకు కొండ మీది ప్రసంగం గుర్తొచ్చింది. ధర్మం చేసేటప్పుడు నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని యేసు అక్కడ చెబుతాడు. లూకా సువార్త 17వ అధ్యాయంలోనైతే ఇంకా గట్టిగా ఉంటుంది. చెప్పిందంతా చేశాక కూడా "మేము చేయవలసినవే చేసియున్నాము" అనుకోమంటాడు. ఇక్కడిదాకా అర్జునుడూ, యేసు శిష్యులూ ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు.

[తెర మీద: యాదగిరిగుట్ట మెట్లు, మొక్కులు తీర్చుకునే జనం]

మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని యాదగిరిగుట్ట ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అక్కడ వెలసింది నరసింహస్వామి, ప్రహ్లాదుడి దేవుడు. హిరణ్యకశిపుణ్ణి చంపాక స్వామి వరం కోరుకోమంటాడు. భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడి జవాబు ఇది: "న స భృత్యః స వై వణిక్." నీ దగ్గర ఏదో ఆశించి కొలిచేవాడు సేవకుడు కాడు, వ్యాపారి.

ఈ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది. మా ఆదివారం కూటాల్లో సాక్ష్యాలు చెబుతారు. ఉపవాస ప్రార్థన చేశాను, వీసా వచ్చింది. దశమభాగం (సంపాదనలో పదో వంతు) ఇచ్చాను, ప్లాటుకు రేటు పెరిగింది. గుట్ట మీద మొక్కుకునే వాళ్లను చూసి మావాళ్లు తల అడ్డంగా ఊపుతారు గానీ, మాది మటుకు బేరం కాకుండా ఏమైంది? ప్రహ్లాదుడు వింటే మమ్మల్నీ దుకాణదారుల లిస్టులోనే రాస్తాడు.

మరి విడిపోయేది ఎక్కడ?

గీత మూడో అధ్యాయం 36వ శ్లోకంలో అర్జునుడు ఒక ప్రశ్న అడుగుతాడు. మనిషి తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోసినట్టు పాపం చేస్తాడే, ఎందుకు? బైబిల్లోని రోమా పత్రిక ఏడో అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు బాధా అచ్చంగా ఇదే: "నేను చేయగోరు మేలు చేయక చేయగోరని కీడు చేయుచున్నాను." ఇద్దరిదీ ఒకే గాయం. జవాబులు మాత్రం వేరు. కామమూ క్రోధమూ నీ శత్రువులు, ఆత్మబలంతో వాటిని చంపు అంటాడు కృష్ణుడు. పౌలు తన బలం మీద అప్పటికే ఆశ వదిలేశాడు. "నన్నెవడు విడిపించును?" అని అరుస్తాడు. అర్జునుడు 'ఎందుకు' అని అడిగాడు, పౌలు 'ఎవరు' అని అడిగాడు.

[తెర మీద: మహబూబ్‌నగర్ బస్టాండు. మూటలు, పిల్లలు, పలుగు పారలతో కూలీలు.]

దీన్ని పాలమూరు భాషలో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో మట్టి మోసిన పాలమూరు లేబర్ కథ మనకు తెలిసిందే. గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇస్తాడు. పెళ్లికో, రోగానికో అది ఖర్చయిపోతుంది. ఆ తర్వాత ఎంత పని చేసినా ఆ బాకీ తెగదు. ఇప్పుడు ఆ కూలీతో "ఫలం ఆశించకుండా పని చెయ్" అంటే ఈ రోజు నుంచి మనసు తేలిక కావచ్చు. మరి పాత అడ్వాన్సు సంగతి?

గీతకు ఇది తెలియనిది కాదు. నాలుగో అధ్యాయం 37వ శ్లోకంలో జవాబుంది: మండే నిప్పు కట్టెలను బూడిద చేసినట్టు జ్ఞానమనే అగ్ని అన్ని కర్మలనూ భస్మం చేస్తుంది. గొప్ప మాట. కానీ క్రైస్తవుడు ఇక్కడ తల గోక్కుంటాడు. ఎందుకంటే అతని దృష్టిలో పాపం కేవలం సంకెల కాదు, ఒకరికి పడిన బాకీ. నేను ఇంకొకరికి చేసిన అన్యాయం నాకు జ్ఞానం వచ్చినంత మాత్రాన కాలిపోతుందా? మేం రోజూ చెప్పే ప్రార్థనలో ఉన్న మాట కూడా అదే: "మా ఋణములు క్షమించుము." ఎప్పుడైనా అప్పు మాఫీ అయిందంటే, ఆ నష్టం ఎవరో ఒకరు భరించినట్టే లెక్క. ఆ భరించినవాడు యేసు అనీ, సిలువ మీద "సమాప్తమైనది" అన్నది ఆ బాకీ గురించేననీ క్రైస్తవుల నమ్మకం.

ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం అందుకే రక్షణను "దేవుని వరమే" అంటుంది, "క్రియలవలన కలిగినది కాదు" అంటుంది. మరుసటి వాక్యంలోనే మంచి పనులు చేయడానికే మనల్ని సృష్టించాడనీ అంటుంది. పని పోలేదు. దాని చోటు మారింది, అంతే.

దగ్గరితనం గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. గీత 18వ అధ్యాయం 66వ శ్లోకం: అన్నీ వదిలి నన్నొక్కణ్ణే శరణు పొందు, నేను నిన్ను అన్ని పాపాల నుంచి విడిపిస్తాను, ఏడవకు. శ్రీవైష్ణవులు దీన్ని చరమ శ్లోకం అంటారు. దీని మీద వాళ్లలోనే రెండు పక్షాలున్నాయి. ఒకరి లెక్కలో భక్తుడు కోతిపిల్ల, తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరి లెక్కలో పిల్లికూన, దానికి ఆ పని కూడా లేదు, తల్లే నోట కరుచుకుని పోతుంది. మర్కట న్యాయం, మార్జాల న్యాయం. కృప గురించి నేను విన్న ఏ ప్రసంగమూ ఆ పిల్లికూనంత తేటగా లేదు. అయినా తేడా ఉంది. విడిపిస్తానని కృష్ణుడు రథం మీద నుంచి మాట ఇస్తాడు. క్రైస్తవుడు ఆ మాటకు రక్తంతో కట్టిన వెల ఏదని వెతుకుతాడు.

[తెర మీద: నాట్లు వేస్తున్న పొలం, సాగర్ ఎడమ కాలువ కింద]

పోయిన వానాకాలం ఇదంతా ఆ దోస్తుతో మాట్లాడుతుంటే మత్తయి 20వ అధ్యాయంలోని కథ చెప్పాను. ఒక ఆసామి ద్రాక్షతోటకు కైకిలోళ్లను (రోజు కూలీలను) పిలవడానికి తెల్లారే అడ్డాకు పోతాడు. రోజుకు ఒక దేనారం అని మాట్లాడతాడు. తర్వాత తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి కొందరిని. చివరికి సాయంత్రం అయిదింటికి కూడా ఇంకా నిలబడే ఉన్నవాళ్లు కనిపిస్తారు. ఎందుకు ఖాళీగా ఉన్నారంటే, మమ్మల్ని ఎవరూ పనికి పిలవలేదంటారు. పొద్దుగూకాక అందరికీ ఒకటే దేనారం. పొద్దున వచ్చినవాళ్లు సణిగితే ఆసామి అడుగుతాడు, నేను మంచివాణ్ణయితే నీకు కడుపుమంటా అని. తెలుగు బైబిల్లో ఆ 'కడుపుమంట' అనే మాటే ఉంది.

దోస్తు గట్టు మీద కూర్చుని అంతా విన్నాడు. వాడికి నాలుగెకరాల వరి. నాట్ల రోజుల్లో కైకిలోళ్ల కోసం ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుంటాడు.

"కథ మంచిగుంది," అన్నాడు. "గని మర్నాడు ఆ ఆఖరోడు ఎన్ని గంటలకొస్తడు?"

బైబిల్లో ఆ సంగతి లేదు. నాకైతే, తెల్లారకముందే వచ్చి ఆసామి ఇంటి ముందు నిలబడతాడని అనిపిస్తుంది. కూలి కోసం కాదు, నిన్న తనను పిలిచినవాడి కోసం. నేను అదే చెప్పాను.

వాడు నవ్వాడు. "మా మిర్యాలగూడ దిక్కయితే మళ్ల సాయంత్రం అయిదింటికే వస్తడురా," అని లేచి, నీళ్లు మళ్లించడానికి పోయాడు.

[తెర మీద: మడిలోకి పారుతున్న నీళ్లు. తెర చీకటి.]