ఎదురుగా మనిషి కూర్చోవాలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలచుకోవడం మర్యాద. కానీ పొద్దుటి నుంచి ఆడి అలసిన పిల్లలు బహుమతుల కోసం చూస్తున్నారు గనుక నేరుగా విషయానికి వస్తాను.

నేడు జూలై 20, అంతర్జాతీయ చదరంగ దినోత్సవం. 1924లో ఇదే రోజున పారిస్‌లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఏర్పడింది. ఫోనులో ఆడే ఆటను తక్కువ చేయడానికి నేను రాలేదు. దేవరకొండ పక్క పల్లెలోని పిల్లవాడికి ఏ వేళనైనా తన స్థాయి ప్రత్యర్థి దొరుకుతున్నాడంటే అది ఆన్‌లైన్ పుణ్యమే. అయితే, 2024 డిసెంబరు ఫిడే జాబితాలో మన వరంగల్ బిడ్డ అర్జున్ ఇరిగైసి ఆట బలాన్ని అంకెల్లో చెప్పే రేటింగులో 2801కి చేరింది బల్లకు ఇవతల తాను, అవతల మరొకరు కూర్చొని ఆడిన ఆటలతోనే.

మరి నల్లగొండలో ఆ బల్ల ఏది? ఒకప్పుడు ఈ ఊళ్లోనే ఒక పఠనమందిరం వరండాలో ఉండేది. ఒక ఏనుగు విరిగిపోతే దాని చోట సోడా మూత పెట్టుకొని ఆడేవారు. మూటలు మోసి వచ్చిన హమాలీ తలకు తువ్వాల చుట్టుకొని కూర్చుంటే, ఎదురుగా కోర్టు నుంచి వచ్చిన వకీలు కూర్చునేవారు. ముట్టిన పావునే ఆడాలి, ఊరికే సర్దాలంటే ముందుగా ఎదుటివారికి చెప్పాలి అన్న నియమం ఇద్దరికీ ఒక్కటే. ఆట కట్టయినాక అసలు ముచ్చట మొదలయ్యేది. పావులు మళ్లీ పేర్చి, "వకీలు సాబ్, ఆ గుర్రాన్ని అంత తొందరగా ఎందుకు తీసిండ్రు?" అని హమాలీ అడిగితే, "నువ్వు మంత్రిని వదులుకుంటవనుకోలేదే!" అని ఆయన చెప్పేవారు. బయట ఎక్కడా ఆ ఇద్దరూ సమానంగా కూర్చొని మాట్లాడుకోగా నేను చూడలేదు.

ఫోనులో ఓడితే మరుక్షణం ఇంకొక ప్రత్యర్థి వస్తాడు. ఓడించినది ఎవరో, ఏమి ఆలోచించి ఓడించాడో చాలాసార్లు తెలియనే తెలియదు. ఇందాక ఆట ముగిసిన ఇద్దరు పిల్లలు చేతులు కలుపుకొని, ఆ వేపచెట్టు కింద ఒక బంటు గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. తల్లులారా, తండ్రులారా, దయచేసి అటు చూడండి.

ఆ వరండాలో మరో మూల కొందరు పేకాట ఆడారన్న సాకుతో, అధికారులు చదరంగాన్నీ ఒకే గాటన కట్టి బల్లలు తీసివేయించారు. పేకాట కాదయ్యా, చదరంగం అని ఎన్ని అర్జీలు పెట్టినా జవాబు రాలేదు. మేము అడుగుతున్నది డబ్బు కాదు. రెండు బల్లలు, ఒక దీపం, సాయంత్రం మూడు గంటల సేపు ఆడుకునే అనుమతి. పావులు మేమే తెచ్చుకుంటాం, తాళం బాధ్యత నేను తీసుకుంటాను. కొత్త అర్జీ ఈ వేదిక పక్కనే ఉంది. బహుమతులు అందుకున్నాక, పిల్లలతో పాటు పెద్దలు కూడా వచ్చి సంతకం చేయాలని కోరుతున్నాను.