మాంచెస్టర్‌కు వచ్చిన తెల్ల టోపీ

శ్రోతలకు నమస్కారం.

మాంచెస్టర్ అనగానే చాలామందికి నూలు మిల్లులు, పొగ గొట్టాలు, లేదంటే ఫుట్‌బాల్ గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందు ఒక తెల్ల టోపీ గుర్తొస్తుంది. అది హెన్రీ హంట్‌ది. ఆయన ఆ ఊరివాడు కాదు, మిల్లు కార్మికుడూ కాదు. ఇంగ్లండ్ దక్షిణాన విల్ట్‌షైర్‌లో 1773లో పుట్టిన, బాగా కలిగిన రైతు. అందరికీ ఓటు కావాలంటూ, మైకులు లేని కాలంలో వేలమందిని ఒక్క గొంతుతో పట్టి నిలిపేవాడు.

ఆయన పుట్టిన జిల్లాలోనే ఓల్డ్ సారమ్ అని ఒక పాడుబడ్డ దిబ్బ ఉండేది. అక్కడ కాపురముండేవాళ్లే దాదాపు లేరు, అయినా పార్లమెంటులో ఇద్దరు సభ్యులు. లక్ష జనం దాటిన మాంచెస్టర్‌కు ఒక్కరూ లేరు. అక్కడి నేతగాళ్లకు 1803 ప్రాంతంలో వారానికి 15 షిల్లింగులు వచ్చేవి, 1818 నాటికి అవి దాదాపు 5కు పడిపోయాయి. పైగా విదేశీ ధాన్యాన్ని అడ్డుకున్న 1815 నాటి ధాన్యం చట్టంతో రొట్టె ధర మండిపోయింది. మా కష్టం చెప్పుకునే మనిషి పార్లమెంటులో ఎవరని వాళ్లు అడిగారు. ఆ ప్రశ్నే హంట్‌ను మాంచెస్టర్‌కు రప్పించింది.

1819 ఆగస్టు 16, సోమవారం. మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే మైదానంలో హంట్ సభకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం నడిచి వచ్చారు. మిడిల్టన్ వాళ్లు పచ్చ పట్టు జెండా పట్టుకుని, లారెల్ కొమ్మలతో బయల్దేరారు. ఆ జెండా ఇప్పటికీ ఉంది. చాలామంది ఆడవాళ్లు తెల్ల బట్టలు కట్టుకున్నారు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. తప్పు చేయడం లేదన్న మనసు తప్ప వేరే ఆయుధం తేవద్దని హంట్ ముందే రాశాడు. జనం ఆ మాట పాటించారు. మైదానంలో సుమారు 60 వేల మంది.

పక్కింటి కిటికీలోంచి చూస్తున్న మేజిస్ట్రేట్లు హంట్‌ను అరెస్టు చేయమన్నారు. గుర్రాల మీద వచ్చిన యోమన్రీ అనే స్థానిక స్వచ్ఛంద దళంలో వ్యాపారులు, మిల్లు యజమానుల కొడుకులు ఉన్నారు. వాళ్ల కత్తులు అంతకుముందే సాన పట్టించినవి. మైదానం చేరకముందే కూపర్ వీధిలో ఒక గుర్రం ఢీకొని, తల్లి చేతుల్లోంచి రెండేళ్ల విలియం ఫిల్డెస్ కిందపడి చనిపోయాడు. తర్వాత కత్తులు జనం మీదకే లేచాయి. కనీసం 15 మంది చనిపోయారు, 600 మందికి పైగా గాయపడ్డారు. నాలుగేళ్ల కిందటి వాటర్లూ యుద్ధాన్ని తలపించేలా దానికి పీటర్లూ అని పేరు పడింది.

హంట్‌కు రెండున్నరేళ్ల జైలు పడింది. బయటికొచ్చాక బూటు పాలిష్ తయారుచేసి అమ్మాడు. ఆ మట్టి సీసాల మీద కూడా సమాన హక్కులు, అందరికీ ఓటు, రహస్య ఓటింగ్ అని అచ్చువేయించాడు. ఆ సీసా చేతిలోకి తీసుకున్న ప్రతివాడికీ ఆయన కోరిక కంటబడేది! ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ మనిషి మీద నాకు ప్రేమ పెరిగింది.

1830లో ప్రెస్టన్ నుంచి ఆయన పార్లమెంటుకు గెలిచాడు. 1832లో ఒక మహిళ తనకూ ఓటు కావాలని రాసిన అర్జీని సభ ముందు పెట్టాడు. సభలో నవ్వారు. అదే ఏడాది సంస్కరణ చట్టంతో మాంచెస్టర్‌కు ఇద్దరు సభ్యులు వచ్చారు. కానీ ఏడాదికి పది పౌండ్ల అద్దె విలువ చేసే ఇల్లున్నవాడికే ఓటు. అంటే ఆ మైదానానికి నడిచి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి లేదు. హంట్ అదే చెప్పి వ్యతిరేకించాడు. 1835లో చనిపోయాడు.

ఆయన పేరిట మాంచెస్టర్‌లోని యాంకోట్స్‌లో 1842లో ఒక స్తంభం కట్టారు, 1888లో దాన్ని కూల్చేశారు. పీటర్లూ జరిగిన చోట 1972లో పెట్టిన పలక మీద సైన్యం సభను చెదరగొట్టిందని మాత్రమే ఉండేది. చనిపోయినవాళ్ల మాటే లేదు. జనం పట్టుపట్టాక 2007లో దాన్ని మార్చి, దాడి జరిగిందని, ప్రాణాలు పోయాయని రాశారు. ఒక్క వాక్యం సరిచేయడానికి 35 ఏళ్లు!

2019లో, రెండువందల ఏళ్లు నిండినప్పుడు, చనిపోయినవాళ్ల పేర్లతో, వాళ్ల ఊళ్ల పేర్లతో గుండ్రటి మెట్ల స్మారకం కట్టారు. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్లు ఆ మెట్లు ఎక్కలేరు. సమాన హక్కు అడిగిన చోటే తమను కింద నిలబెడితే ఎలా అని వికలాంగులు అభ్యంతరం చెప్పారు. హంట్ బతికుంటే తెల్ల టోపీ పెట్టుకుని వాళ్ల పక్కనే నిలబడేవాడని నా నమ్మకం.

సెలవు.