పాటలు మార్చారు, తీగ చూడలేదు

సభలోని పెద్దలకు, వివిధ కేంద్రాల నుంచి వచ్చిన రేడియో మిత్రులకు, అందరికంటే ముఖ్యంగా శ్రోతలకు నమస్కారం. వేదిక మీద ఉన్నవారిని పేరుపేరునా స్మరించుకోవడం మర్యాద. కానీ నాకు దొరికిన సమయం పదిహేను నిమిషాలే కాబట్టి మన్నించండి. ఆఖరి వరుసలో కూర్చున్నవారికి నా గొంతు అందుతోందా? అందకపోతే చెయ్యెత్తండి. ముప్ఫై ఒక్క ఏళ్లు ట్రాన్స్‌మిటర్ గదిలో పనిచేసినవాణ్ణి. ఏం చెబుతున్నారన్నది తర్వాత, ముందు వినిపిస్తోందా లేదా అన్నదే నా ధ్యాస.

నాకు ఇచ్చిన అంశం ‘స్థానిక రేడియో భవిష్యత్తు’. నాలుగు పేజీలు రాసుకుని వచ్చాను. పొద్దుటి నుంచి మాట్లాడినవారంతా ఒకే మాట అన్నారు: శ్రోతలు తగ్గిపోతున్నారు, ఫార్మాట్, అంటే స్టేషన్ వేసే కార్యక్రమాల తీరు, మార్చాలి అని. ఆ మాట విన్నాక ఈ నాలుగు పేజీలు చదవబుద్ధి కావడం లేదు. పక్కన పెట్టేస్తున్నాను.

నేను పనిచేసిన కేంద్రం చిన్నది. వెయ్యి వాట్ల ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, అరవై మీటర్ల టవర్. నేను చేరిన రోజుల్లో పొద్దున్నే స్థానిక వార్తలు, వాతావరణం, మధ్యాహ్నం పిల్లలకు పాఠాలు, సాయంత్రం శ్రోతల ఉత్తరాలు. తర్వాత ఉత్తరాలు తగ్గాయి. జనానికి మాటలు విసుగు పుట్టిస్తున్నాయని తేల్చి పాత పాటల స్టేషన్ చేశారు. ఏడాదిన్నరకు పాత పాటలు ముసలివాళ్లకేనని కొత్త పాటలు పెట్టారు. అవీ అందుకోకపోయేసరికి యువత కబుర్ల స్టేషన్ అన్నారు. చివరికి ఇక్కడ ఎవరూ అక్కర్లేదని ఎక్కడో రికార్డు చేసిన గొంతులను కంప్యూటర్‌లో పెట్టి నడిపారు. అంటే నాలుగు మార్పులు. ప్రతిసారీ కొత్త పేరు, కొత్త సంగీతం, కొత్త బోర్డు. అనౌన్సర్లలో సగం మంది ఇంటికి వెళ్లిపోయారు. కేంద్రం తలుపు దగ్గర నిలబడి వాళ్లకు వీడ్కోలు చెప్పింది నేనే.

ఫార్మాట్ అనే ఆలోచనే తప్పని నేను అనను. 1950ల తొలి సంవత్సరాల్లో టెలివిజన్ వచ్చి రేడియో నాటకాలను, హాస్య కార్యక్రమాలను ఎత్తుకుపోతున్నప్పుడు, అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టోర్జ్ అనే స్టేషన్ యజమాని జనం కోరే కొద్ది పాటలనే మళ్లీ మళ్లీ వేసి నిలబడ్డాడు. ఆ పద్ధతికే తర్వాత ‘టాప్ 40’ అనే పేరు స్థిరపడింది. మార్పు రేడియోను బతికించిన సందర్భమది. అయితే వినిపించని స్టేషన్‌లో ఏ పాట వేస్తే ఏమి?

ఇక్కడ కొంచెం నా వృత్తి విషయం చెప్పాలి, ఓపిక పట్టండి. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపు సాగినంత దూరమే సాగుతుంది. మీడియం వేవ్‌లా నేలను పట్టుకుని పాకదు, రాత్రిపూట ఆకాశంలోని అయనోస్ఫియర్ అనే పొరను తాకి వందల కిలోమీటర్ల అవతల దిగదు. పవర్ రెట్టింపు చేస్తే దూరం రెట్టింపు అవుతుందని పెద్ద కుర్చీల్లో ఉన్నవారు చాలామంది నమ్ముతారు. కాదండీ. అడ్డేమీ లేని చోట కూడా రెట్టింపు దూరంలో అదే బలం కావాలంటే నాలుగింతల పవర్ కావాలి. ఎత్తు మాట వేరు. 25 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు చదునైన నేల మీద చూపు సుమారు 20 కిలోమీటర్లు. 100 మీటర్లయితే 40 దాటుతుంది. కొండ వెనక, గోడ వెనక, ఇనుప రేకుల కింద ఉన్నవారి సంగతి మళ్లీ వేరు.

ఇంకొకటి. స్టీరియోలో, అంటే కుడి ఎడమల శబ్దం వేర్వేరుగా, వచ్చే సిగ్నల్ బలహీనపడితే మొదట వచ్చేది బుస్సుమనే శబ్దం. అదే సిగ్నల్‌ను మోనోలో, అంటే రెండూ కలిపి ఒకే శబ్దంగా, వింటే చాలావరకు శుభ్రంగా వినిపిస్తుంది. స్టీరియోను అంతే శుభ్రంగా వినాలంటే దాదాపు వంద రెట్లు బలమైన సిగ్నల్ కావాలి. ఇంట్లో రేడియోకు మోనో మీట ఉంటే ఇవాళే నొక్కి చూడండి. మాటలే ఎక్కువగా ప్రసారం చేసే స్టేషన్ల మిత్రులారా, మీకెందుకండీ స్టీరియో? ఇది స్టీరియో అని సెట్‌కు చెప్పే పైలట్ సిగ్నల్ ఆపేస్తే, ప్రసారం అందే అంచున ఉన్న శ్రోత చెవికి మీరు ఒక్క పైసా ఖర్చు లేకుండా దగ్గరవుతారు. ఈ మాట ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఇంకా చెబుతాను.

అసలు సంగతికి వస్తాను. మూడో మార్పు తర్వాత పాత కాగితాలు ఖాళీ చేయమన్నారు. ఒక అట్టపెట్టెలో కట్టలుగా కార్డులు దొరికాయి. చాలావాటి మీద చేతిరాత ఒక్కటే. ఒక పెద్దావిడ రాసినవి, కేంద్రానికి ముప్ఫై కిలోమీటర్ల దూరం నుంచి. ప్రతి కార్డు మీదా తేదీ, సమయం, కింద రెండు మూడు వాక్యాలు. “నిన్న వాన. ఇవాళ పొద్దున వినిపించలేదు. మంచం దగ్గర అసలు రాలేదు. కిటికీలో పెడితే మాట తెలిసింది.” “మూడు రోజులుగా ఎండ. సాయంత్రం బాగా వచ్చింది.” “మళ్లీ వాన. మళ్లీ పోయింది.” ఇలాంటివి నూట నలభై పైచిలుకు కార్డులు. ప్రతి దాని మీదా ఎర్ర సిరాతో ఎవరో ఒకే మాట రాశారు: ‘కార్యక్రమాలపై అసంతృప్తి’.

ఆ రాత్రి వాటిని తేదీల వారీగా నేల మీద పరిచాను. నా లాగ్ పుస్తకం పక్కన పెట్టుకున్నాను. వాన పడిన మర్నాడు పొద్దున ఆమెకు వినిపించలేదు. నా పుస్తకంలో ఆ తేదీల్లో అంతా బాగానే ఉంది. ఎందుకంటే మేము మీటర్ చూసి రాసేది మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండ కాసే వేళ.

మర్నాడు మబ్బు పట్టి ఉంది. తెల్లవారుజామునే వెళ్లి మీటర్ చూశాను. యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే శక్తి, మా భాషలో రిఫ్లెక్టెడ్ పవర్, ముల్లు ఎగిరి ఉంది. అలా తిరిగొచ్చే శక్తి తనను కాల్చేయకుండా ట్రాన్స్‌మిటర్ తన పవర్ తానే తగ్గించుకుంటుంది. వెయ్యి వాట్లు చూపించాల్సిన చోట రెండు వందల యాభై. టవర్ ఎక్కాను. ట్రాన్స్‌మిటర్ నుంచి పైకి వెళ్లే తీగ, అదే ఫీడర్ కేబుల్, యాంటెన్నాకు కలిసే చోట చుట్టిన టేపు ఎండకు ఎండి, పెళుసుబారి, వేలితో తాకితే పొరలుగా ఊడిపోయింది. కనెక్టర్ విప్పితే లోపలి నుంచి నీళ్లు నా మణికట్టు మీద కారాయి. ఇత్తడి పచ్చగా మారిపోయింది. ఒక కనెక్టర్, రెండు మూరల కేబుల్, ఒక చుట్ట టేపు. ఒక్క పూట పని.

దాని కోసం మూడు ఫార్మాట్లు మార్చారు. మా అనౌన్సర్ల ఉద్యోగాలు తీశారు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. మధ్యాహ్నమే మీటర్ చూడాలని ఏ దేవుడూ చెప్పలేదు. కనెక్టర్ మార్చాక నెలకే నాలుగో మార్పు వచ్చింది. బాగుపడిన సిగ్నల్ మీద ఎవరో తెలియని గొంతులు వెళ్లాయి. ఆ పెద్దావిడ ఆఖరి కార్డు మీది తేదీ, నేను పెట్టె తెరవడానికి ఆరు నెలల ముందుది. చిరునామా నా దగ్గర ఉంది. వెళ్లాలనుకున్నాను. వెళ్లలేదు. ఏం చెప్పాలో తెలియలేదు నాకు.

క్షమించండి. ఒక్క నిమిషం.

వినేవాడి చేతిలో ఉన్న సెట్‌ను మరిచిపోవడం ఈ రంగానికి పాత అలవాటు. అమెరికా ఇంజినీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్ఎం పద్ధతికి 1933లో పేటెంట్లు పొందాడు. 1945లో అమెరికా ప్రభుత్వం ఆ ప్రసారాలను 42–50 మెగాహెర్ట్జ్ నుంచి 88–108కి తరలించింది. అప్పటిదాకా జనం కొన్న ఎఫ్ఎం సెట్లన్నీ పనికిరాకుండా పోయాయి. ఎఫ్ఎం తేరుకోవడానికి ఏళ్లు పట్టింది. 2017లో నార్వే జాతీయ స్టేషన్లను ఎఫ్ఎం నుంచి డిజిటల్‌కు మార్చింది. చాలా స్థానిక స్టేషన్లు మాత్రం ఎఫ్ఎంలోనే ఉండిపోయాయి. 2024 ముగిసేసరికి స్విట్జర్లాండ్ ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ కూడా ఎఫ్ఎం ఆపేసింది. డిజిటల్‌ను నేను వద్దనను. అయితే అంచున ఉన్న శ్రోతకు అక్కడ బుస్సుమనే శబ్దం కూడా ఉండదు. మాట తెగి తెగి, ఉన్నట్టుండి నిశ్శబ్దం. కిటికీలో పెట్టినా రాదు.

స్థానిక రేడియో ఎందుకని అడిగేవారికి జపాన్‌ను చూడమంటాను. 2011 భూకంపం, సునామీ తర్వాత దెబ్బతిన్న పట్టణాల్లో తాత్కాలిక విపత్తు ఎఫ్ఎం స్టేషన్లు వెలిశాయి. నీళ్లు ఎక్కడ ఇస్తున్నారు, ఏ ఆసుపత్రి తెరిచి ఉంది, అవే వాటి కార్యక్రమాలు. వాటికి ఏ ఫార్మాట్ పేరు పెడతారు? పక్క వీధి సమాచారం పక్క వీధికి అందింది, అంతే.

ఇక్కడ స్టేషన్ల అధిపతులు ముందు వరుసలోనే ఉన్నారు. అయ్యా, అమ్మా, ఫార్మాట్ మార్చే కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక వాన పడిన తెల్లవారుజామున ట్రాన్స్‌మిటర్ గదికి మీరే వెళ్లండి. మీ ఇంజినీరును వెంటబెట్టుకుని మీటర్ చూడండి. తర్వాత ఒక మామూలు చేతి రేడియో పట్టుకుని మీ ప్రసారం ఆగిపోయే చోటు దాకా ప్రయాణం చేయండి. ఎక్కడ ఆగిందో ఆ ఊళ్లో దిగి, ఏదో ఒక ఇంటి తలుపు తట్టండి.

శ్రోతలకు నా మనవి వేరు. బయటికి వెళ్లే తలుపు పక్కన బల్ల మీద కార్డులు పెట్టాను. నా సొంతంగా అచ్చు వేయించినవి. తేదీ, సమయం, వానా ఎండా, ఏ స్టేషన్, మోనోనా స్టీరియోనా. మొదటి గడి మాత్రం పెద్దది పెట్టించాను. ‘ఇంట్లో రేడియో ఎక్కడ పెడితే వినిపిస్తోంది?’ తలా ఒకటి తీసుకోండి. నింపి పంపితే నేనే చదువుతాను. కింద నా చిరునామా ఉంది.