బడి ఎంత దూరం?

అందరికీ నమస్కారం.

ఈ సభలో కొందరికి కారు కొనే స్తోమత లేకపోవచ్చు, కొందరికి కొనే ఉద్దేశమే లేకపోవచ్చు, ఉన్నదాన్ని అమ్మేద్దామా అని ఊగిసలాడుతున్నవారూ ఉండవచ్చు. కారణాలు ఏవైనా, ఇంట్లో ఆరేళ్లదో ఎనిమిదేళ్లదో పిల్ల ఉంటే అందరి తలనొప్పీ ఒకటే: పొద్దున బడి వేళ. అందుకే ఈ రోజు పర్యావరణం గురించి మాట్లాడను. అవి మీరు చాలాసార్లు విన్న మాటలే. పైగా వానలో తడుస్తూ నిలబడ్డ పిల్లవాడికి వాటితో పని లేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కారు లేకుండా పిల్లల్ని పెంచగలమా లేదా అన్నది చాలావరకు మనం బడిని ఎంచుకున్న రోజునే తేలిపోతుంది. బడి దూరమైతే ఎంత ఓపిక ఉన్నా ఆరు నెలల్లో కరిగిపోతుంది. దగ్గరైతే పెద్దగా ఓపికతో పనే ఉండదు.

లెక్క చూడండి. పెద్దవాళ్లు మామూలుగా గంటకు 5 కిలోమీటర్లు నడుస్తారు. ఆరేళ్ల పిల్ల 3 నుంచి 4 నడుస్తుంది, అదీ దారిలో కుక్కపిల్ల కనబడకపోతే. కాబట్టి కిలోమీటరుకు 20 నిమిషాలు వేసుకోండి. చాలామంది మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. పిల్ల రోజుకు రెండుసార్లు నడిస్తే, దింపి వెనక్కి వచ్చి సాయంత్రం మళ్లీ వెళ్లే మీరు నాలుగుసార్లు నడుస్తారు. బడి కిలోమీటరు దూరంలో ఉంటే మీ నడక 4 కిలోమీటర్లు, మూడు దూరంలో ఉంటే 12. ఉద్యోగం చేసుకునే మనిషికి అది కుదరదు. ఒకటిన్నర కిలోమీటరు దాటిన బడిని నేను నడిచి వెళ్లే బడిగా లెక్కించను. ఆపైన సైకిలో బస్సో చూసుకోవాలి. బస్సయితే మధ్యలో మారే పని లేనిది చూసుకోండి. చిన్నపిల్లతో ఒక బస్సు దిగి ఇంకొకటి అందుకోవడం ఎలాంటిదో ఒక్కసారి చేసినవారికి చెప్పనక్కర్లేదు.

‘మంచి బడి దూరంగా ఉంటే ఏం చేయాలి?’ అని అడుగుతారు. రెండు బడులూ ఇంచుమించు సమానమైతే దగ్గరిదే మంచి బడి, సందేహం వద్దు. దూరంలో ఉన్నది నిజంగానే మేలైతే ఇల్లు మారే వీలుందేమో చూడండి. అదీ కుదరకపోతే కారు కొనుక్కోండి. అందులో తప్పేమీ లేదు.

ఇక రోడ్డు మీద పిల్లకు ఏమవుతుందోనన్న భయం సంగతి. ఈ భయం ఉత్తది కాదు. ప్రపంచంలో 5 నుంచి 29 ఏళ్ల వయసువారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆరేళ్ల పిల్ల ఎత్తు దాదాపు 115 సెంటీమీటర్లు. మామూలు కారు ఎత్తు 150 దాకా ఉంటుంది. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య నుంచి ఆ పిల్ల రోడ్డు మీదికి అడుగు పెడితే డ్రైవరుకు కనబడదు, పిల్లకు బండి కనబడదు. పైగా ఎదురుగా వస్తున్న బండి ఎంత వేగంతో వస్తోందో పోల్చుకునే శక్తి ఆ వయసుకు పూర్తిగా రాదు. ‘జాగ్రత్తగా చూసి దాటు’ అని ఎన్నిసార్లు చెప్పినా రాదు. బ్రేకు వేశాక బండి సాగే దూరం వేగాన్ని మించి పెరుగుతుంది. 30 కిలోమీటర్ల వేగం 60 అయితే ఆ దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. అందువల్ల దారిని ఎంచుకునేటప్పుడు దగ్గరిదారి కన్నా నెమ్మదిదారి మేలు. రెండు సందులు చుట్టి వెళ్లినా సరే, పెద్ద రోడ్డును ఒక్కచోటే, అదీ సిగ్నలు దగ్గరే దాటండి. రోజూ అక్కడే దాటండి.

ఇంగ్లండులో జరిగిన ఒక అధ్యయనంలో, 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారని తేలింది. 1990 నాటికి ఆ సంఖ్య 9 శాతానికి పడిపోయింది. పిల్లలు మారలేదు, వీధులు మారాయి. రోడ్డు భయంతో తల్లిదండ్రులు పిల్లల్ని కార్లెక్కించారు, ఆ కార్లతో బడి ముందరి రోడ్డు ఇంకా ప్రమాదకరమైంది. ఇటలీలోని బొల్జానో నగరంలో 1989లోనే బడి మొదలయ్యే, వదిలే వేళల్లో బడి ముందు వీధిలోకి వాహనాలు రాకుండా ఆపడం మొదలుపెట్టారు. మీ బడి వాళ్లను అడగదగ్గ కోరిక ఇది. ఒక్కరు అడిగితే నవ్వుతారు. ఇరవై మంది తల్లిదండ్రులు కలిసి రాసిస్తే కనీసం చదువుతారు.

ఆ ఇరవై మంది దొరికితే ఇంకో పని కూడా చేయవచ్చు. ఒకే వైపు నుంచి వచ్చే పిల్లల్ని జట్టుగా చేర్చి, పెద్దవాళ్లు వంతులవారీగా నడిపించండి. అయిదు కుటుంబాలు కలిస్తే వారంలో ఒక్కరోజే మీ వంతు. చిన్న మెలిక: ఆలస్యమైన పిల్ల కోసం జట్టు ఎంతసేపు ఆగాలో మొదటి రోజే తేల్చుకోండి. ఇలాంటి జట్లు చెదిరేది దూరం వల్ల కాదు, ఆ ఒక్క గొడవ వల్లే.

వాన గురించి ఎక్కువ చెప్పను. పిల్లలకు గొడుగు కన్నా రెయిన్‌కోటు మేలు, చేతులు ఖాళీగా ఉంటాయి. బడిలో ఒక జత పొడి బట్టలు ఉంచండి. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. 20 కిలోల పిల్లకు 2 కిలోలు.

రాత్రి జ్వరం వస్తే? అంబులెన్సు నంబరు, పిలిస్తే వచ్చే టాక్సీ నంబరు, తలుపు తట్టగలిగిన పొరుగింటివారు: ఈ మూడూ ముందే సిద్ధంగా ఉండాలి. కారుకు పెట్టాల్సిన ఖర్చులో కొంత విడిగా ఉంచుకుంటే టాక్సీ పిలవడానికి చేయి వెనకాడదు. ఎవరైనా తమ కారులో మీ పిల్లను దింపుతామంటే మొహమాటపడకుండా ఒప్పుకోండి, సీటుబెల్టు పిల్లకు సరిగ్గా అమరేలా ఎత్తు పెంచే బూస్టరు సీటు మాత్రం మీరే పంపండి. బదులుగా వాళ్ల పిల్లల్ని ఒక సాయంత్రం మీ ఇంట్లో ఉంచుకోండి.

ఇక మీ ప్రశ్నలు. ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు బడుల్లో చదువుతున్నవారు ముందు అడగండి. ఇందాకటి లెక్క మీ ఇంటికి సరిపోదు, మీది వేరే వేయాలి.