తెల్లకొంగ, నల్లగేదె, మీ కొత్త కెమెరా

[తెర మీద: పచ్చటి వరిచేను మధ్య తెల్లకొంగ. ఫొటోని నెమ్మదిగా జూమ్ చేస్తూ కొంగ ఒంటి దగ్గర ఆగాలి.]

నమస్తే. ఈ ఫొటో ఒకసారి చూడండి. చేను బాగుంది, ఫోకస్ కూడా సరిగ్గా కొంగ మీదే ఉంది. కానీ కొంగకి ఈకలేవీ? కాగితం కత్తిరించి అతికించినట్టు తెల్లగా ఉందంతే. మంచి కెమెరా కొని, ఆటో మోడ్‌లో పెట్టి, పట్టపగలు తీసినా ఇలాగే వస్తుంది. ఎందుకిలా వస్తుందో అర్థమైతే కెమెరాలో మిగతా బటన్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది లెన్సుల గురించి కాదు, ఈ కొంగ గురించే.

కెమెరా లోపల వెలుగుని కొలిచే మీటర్ ఉంటుంది. ఎదురుగా ఉన్నవాటి మీద పడి తిరిగొచ్చిన వెలుగునే అది కొలుస్తుంది. ఆ వెలుగు తెల్లటి వస్తువు నుంచి వచ్చిందో, నల్లటి వస్తువు మీద ఎండ బాగా పడితే వచ్చిందో దానికి తెలీదు. అందుకని దానికి ఒక లెక్క నేర్పి పెట్టారు: ఎదురుగా ఏది ఉన్నా, సగటున మధ్యరకం బూడిద రంగులా వచ్చేలా చూడు అని. పడిన వెలుగులో సుమారు 18 శాతం తిప్పి పంపే బూడిద రంగు అన్నమాట. ఇప్పటి కెమెరాలు మొహాలనీ ఆకాశాన్నీ గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి. అయినా అడుగున ఉన్నది ఆ పాత లెక్కే.

[తెర మీద: పక్కపక్కనే రెండు ఫొటోలు. పత్తి కుప్ప, గేదె వీపు. రెండూ బూడిద రంగులోనే ఉన్నాయి.]

ఇది మీరే చేసి చూడొచ్చు. ఫ్రేము నిండా పత్తి కుప్ప పెట్టి తీయండి. పత్తి మాసిపోయినట్టు వస్తుంది. తర్వాత ఫ్రేము నిండా గేదె వీపు పెట్టి తీయండి. నల్లగా నిగనిగలాడే గేదె దుమ్ము కొట్టుకుపోయినట్టు వస్తుంది. పత్తిని చూసి కెమెరా ‘వెలుగు ఎక్కువైంది’ అనుకుని తగ్గించేసింది, గేదెని చూసి ‘చీకటిగా ఉంది’ అనుకుని పెంచేసింది. మరి మన కొంగ సంగతి? అక్కడ ఫ్రేములో ఎక్కువ భాగం ముదురు పచ్చటి చేను. మీటర్ చేనుని బట్టి వెలుగు లెక్కేసుకుంది. మధ్యలో ఉన్న ఆ కాస్త తెలుపు మీద వెలుగు హద్దు దాటిపోయింది. ఒకసారి అలా కాలిపోయిన తెలుపులో ఈకల గీతల్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

[తెర మీద: కెమెరా పైభాగం దగ్గరగా. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ మీద వేలు.]

దీనికి మందు ఈ బటన్. పేరు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. మోడ్ డయల్‌ని ఆటో నుంచి తీసేసి అపర్చర్ మోడ్‌లో, అంటే లెన్సు రంధ్రం ఎంత తెరవాలో మీరు చెప్పే మోడ్‌లో పెట్టండి. కానన్‌లో అయితే ఏవీ (Av) అని, నికాన్, సోనీల్లో ఏ (A) అని రాసి ఉంటుంది. ఇప్పుడు ఈ బటన్ నొక్కి డయల్ తిప్పండి. ప్లస్ 1 అంటే వెలుగు రెట్టింపు, మైనస్ 1 అంటే సగం. పత్తికి ప్లస్ 1, గేదెకి మైనస్ 1, చేలో కొంగకి మైనస్ 1 దగ్గర మొదలుపెట్టి చూడండి. మిర్రర్‌లెస్ కెమెరా అయితే తేడా అప్పటికప్పుడే కనిపిస్తుంది. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లో కన్ను పెట్టి చూసే చోట కనిపించదు, తీశాకే తెలుస్తుంది. మెనూలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసుకుంటే, వెలుగు హద్దు దాటిన చోటు స్క్రీన్ మీద మినుకు మినుకుమంటుంది. కొంగ మినుకుమంటే ఇంకొంచెం తగ్గించాలి.

మీరు ప్లస్ అన్నప్పుడు కెమెరా ఆ అదనపు వెలుగు ఎక్కడి నుంచి తెస్తుంది? దారులు మూడే. లెన్సు రంధ్రం పెద్దది చేయాలి, అది అపర్చర్. లేదా వెలుగుని లోపలికి వదిలే తలుపుని, అంటే షట్టర్‌ని, ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. లేదా వచ్చిన సిగ్నల్‌నే పెంచుకోవాలి, అది ఐఎస్ఓ. ఒక్కోదానికీ ఒక్కో ధర ఉంది. అపర్చర్ తెరిస్తే, అంటే ఎఫ్ 8 నుంచి ఎఫ్ 1.8 వైపు వస్తే, వెనకున్నవి మసకబారతాయి. షట్టర్ నెమ్మదిస్తే కదిలేవి చెదిరిపోతాయి. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో గరుకు కనిపిస్తుంది. అపర్చర్ మోడ్‌లో రంధ్రం ఎంతో మీరు చెప్పేశారు కాబట్టి, ఐఎస్ఓ ఆటోలో లేకపోతే కెమెరా షట్టర్‌నే నెమ్మది చేస్తుంది. అందుకే ప్లస్ నొక్కాక షట్టర్ అంకె మీద ఒక కన్నేయాలి.

[తెర మీద: ఉప్పలపాడు చెరువు. చెట్ల నిండా పక్షులు.]

ఇదంతా ఒకేచోట నేర్చుకోవాలంటే నాకు ఇష్టమైన జాగా గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు అనే కొంగలు గూళ్లు కడతాయి. మనుషులకి అలవాటు పడ్డ పక్షులు కాబట్టి భారీ లెన్సు లేకపోయినా పనవుతుంది. అక్కడ ఎగిరే గూడబాతునొకదాన్ని ఎంచుకుని, కెమెరాని దానితోపాటు తిప్పుతూ వరసగా తీయండి. షట్టర్ 1/1000 సెకను కన్నా నెమ్మదించకూడదు.

ఇంటికొచ్చాక ఆ ఫొటోల్ని వరసలో పెట్టి చూడండి. పక్షి చెట్ల ముందు ఉన్నప్పుడు రెక్కలు కాలిపోయి ఉంటాయి. క్షణం తర్వాత ఆకాశంలోకి వచ్చేసరికి అదే పక్షి నల్లటి నీడైపోతుంది. పక్షి మీద పడుతున్న ఎండలో తేడా ఏమీ లేదు, మారింది దాని వెనకున్నది. మీటర్ ఆ వెనకున్నదాన్ని చూసి చీటికీ మాటికీ మనసు మార్చుకుంటోంది. ఇలాంటి చోట అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడూ మీరే పెట్టే మాన్యువల్ మోడే హాయి. ఎండ మారనంతసేపు సెట్టింగ్ మార్చక్కర్లేదు. మాన్యువల్ అంటే చాలామందికి టెన్షన్, కానీ ఎండలో ఎగిరే పక్షికి ఆటో కన్నా మాన్యువలే తేలిక.

అంకెలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఫిల్మ్ రోజుల నుంచి వస్తున్న లెక్క ఒకటుంది. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్ 16 పెడితే, ఐఎస్ఓ ఎంతో షట్టర్ అందులో ఒక వంతు. ఐఎస్ఓ 200 అయితే షట్టర్ 1/200. పక్షికి అంత నెమ్మది షట్టర్ పనికిరాదు కాబట్టి అపర్చర్‌ని ఎఫ్ 5.6కి తెరిచి షట్టర్ 1/1600 పెట్టండి, వెలుగు అంతే వస్తుంది. పక్షి మరీ తెల్లదైతే ఇంకో మెట్టు, అంటే వెలుగు సగానికి, తగ్గించండి.

[తెర మీద: చార్మినార్.]

మీటర్ లేకుండా ఫొటోలెలా తీసేవారు అని అడుగుతారు కొందరు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్ దయాళ్‌నే చూడండి. 1870ల్లో ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేసుకుంటూ సరదాగా కెమెరా పట్టిన మనిషి. గాజు పలకల మీద తీసేవాడు, తీశాక వెనక స్క్రీన్‌లో చూసుకునే వీలు లేదు. వెలుగు ఎంతుందో కంటితో అంచనా కట్టి, లెన్సు ఎంతసేపు తెరవాలో తనే తేల్చుకోవాలి. మీరూ బయటికెళ్లినప్పుడు కెమెరా ఆన్ చేయకముందే ఒక అంకె అనుకుని, తర్వాత మీటర్ ఏమంటోందో చూడండి. కొన్నాళ్లకి రెండూ దగ్గరపడతాయి. ఈ అలవాటు ఇచ్చేంత ఆనందం కొత్త లెన్సు ఇవ్వదని నా నమ్మకం.

లెన్సు మాట వచ్చింది కాబట్టి: కెమెరాతో వచ్చే 18-55 ఎంఎం లెన్సు చాలు. తర్వాత కొనాలనిపిస్తే 50 ఎంఎం ఎఫ్ 1.8 తీసుకోండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవాళ్లు మాత్రం లెన్సుని బట్టలో చుట్టి బీరువాలో పడేయకండి, ఫంగస్ పడుతుంది. గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి పెట్టండి.

[తెర మీద: పెళ్లి పీటల మీద వధూవరులు, మధుపర్కాల్లో.]

ఇక మన ఇళ్లలో వచ్చే అసలు పరీక్ష. మధుపర్కాలు. పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఇద్దరూ తెలుపులో పక్కపక్కన కూర్చుంటారు. ఫ్రేము నిండా తెలుపే, కాబట్టి పత్తి కుప్ప కథే ఇక్కడ మళ్లీ జరుగుతుంది: బట్టలు మాసినట్టుగా, మొహాలు చామనఛాయ కన్నా నల్లగా వస్తాయి. ప్లస్ 0.7 పెట్టండి. ఎర్ర అంచు ఎర్రగా, మొహాలు మొహాల్లా వస్తాయి. చీర మడతలు మినుకుమంటే 0.3కి దిగండి.

తలంబ్రాలు మొదలవ్వగానే లెక్క మారుతుంది. బియ్యపు గింజలు గాల్లో ఆగినట్టు కనిపించాలంటే షట్టర్ 1/500 అయినా ఉండాలి, కల్యాణ మండపం లైట్లలో దానికి ఐఎస్ఓ 3200 దాటుతుంది. దాటనివ్వండి. గరుకు తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, చెదిరిన నవ్వుని బాగుచేయలేం. నిలబడే చోటు మాత్రం పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని అడిగి ఎంచుకోండి. ఆయన పనికి అడ్డు రాకుండా పురోహితుడి భుజం పక్కన కాస్త జాగా దొరికితే చాలు.